రెండో శనివారం మనుషులు

పొద్దుటూరని పేరు పెట్టినోళ్ళకు
తలనొప్పి ఉండి ఉండదు.
పొద్దు నిలవున్న ఊర్లో, బంగారు అంగట్లో
పదకొండేండ్లుగా నవ్వుతా నిలబడే పని నాది.
అద్దాల బీరువాల్లో ముప్పై ఆరు లైట్లు.

మొదట తూకం మిషన్ మీద
అంకెలు సగం తినేస్తాది.
తర్వాత, కమ్మలు చూసుకుంటున్న ఆమెకు
ఒక చెవి మాయమైతాది.
మిగిలిన చెవికే బేరం చెప్తాను.

అరగంటకు కుడికంటి వెనకాల
కంసాలి ఊదుగొట్టం పెట్టి
మంట ఊదుతాడు,
సన్నగా,
గురి తప్పకుండా.

"ఎండకు తిరిగుంటావు" అంటుంది అత్త.
"తిండి సరిగ్గా తినవు" అంటాడు శెట్టి.
"నాకూ వస్తాదిలే అక్కా" అంటుంది పక్క కౌంటర్ పిల్ల,
గ్లాసు టీతో పోయే నొప్పి ఆ పిల్లది.
మా ఆయన ఏమీ అనడు.
టీవీ సౌండు రెండు గీతలు తగ్గిస్తాడు.
ఆ రెండు గీతలకు ఆయనకు రుణపడున్నా.

నెలకొకసారి, రెండో శనివారం,
కర్నూలు నుంచి నరాల డాక్టరు వస్తాడు.
ఆరోజు నా టోకెను నలభై ఒకటి.
హాల్లో ట్యూబ్ లైటు కొట్టుకుంటా ఉంది.
బుర్కా అంచు కండ్ల మీదికి లాక్కున్న ఒకామె లేచి
స్విచ్చు ఆపేసింది.
ఎవరినీ అడగలే.
మూలమూలల నుంచి నలుగురం ఒకేసారి
"అమ్మయ్య" అన్నాం.
అంత చిన్నగా ఆ మాట అనేవాళ్ళు
లోకంలో ఇంకా ఉండారని అప్పుడే తెలిసింది.

ఆమె ఖాజాబీ. మైదుకూరు. పెండ్లిళ్ళకు వంట చేస్తాది.
ఉల్లిగడ్డలు వేగే వాసనకు డేగిశా వెనక్కి పోయి వాంతి చేసుకొని
నోరు పుక్కిలించి, వచ్చి ఉప్పు చూస్తాది.
చెన్నకేశవులుది ఎర్రగుంట్లలో బండలు కోసే పని.
సాయంత్రం రంపం ఆగుతుంది, మిషన్‌లో మాత్రమే.
హిమజ ఇంటర్ రెండో సంవత్సరం.
పరీక్షనాడు పేపర్లో సగమే కనబడితే
కనబడిన సగానికి జవాబులు రాసొచ్చిందంట.
నేను చెవి బేరం సంగతి చెప్పినా.
నవ్వితే నొప్పి.
నవ్వినాం.

మాకు మాట బరువు.
తెర మీద అక్షరాలు తుమ్మముండ్లు.
అందుకే ఒక ఒప్పందం చేసుకున్నాం:
నొప్పి లేస్తే ఒక్క రింగు ఇవ్వాల.
ఎవరూ ఎత్తకూడదు.
మేల్కొనున్నోళ్ళు తిరిగి ఒక్క రింగు ఇవ్వాల.
అంతే.
ఫోను మోగదు, దిండు కింద వణుకుతాది.
ఎన్ని రాత్రులు నా చెంప కింద
మైదుకూరు వణికిందో, ఎర్రగుంట్ల వణికిందో.

మొన్న ఎండల్లో తొమ్మిది రాత్రులు
చెన్నకేశవులు నుంచి ఉలుకులే, పలుకులే.
ఒప్పందం తప్పి ఖాజాబీకి ఫోను చేసి మాట్లాడినా,
బండ గాని మీద పడిందేమోనని.
శనివారం వచ్చినాడు,
గడ్డం గీసుకొని, ఇస్త్రీ చొక్కాలో.
"నిద్రపోయినా అక్కా. తొమ్మిది దినాలు రాలే.
చెప్తే దిష్టి తగుల్తాదని చెప్పలే."

ఖాజాబీ ఆయన చేతిలో ఖర్జూరం పెట్టింది.
నాకూ సంతోషమే.
నిజం చెప్పాల్నంటే
సూదిమొనంత కుళ్ళు కూడా.
అదీ ఆయనకే చెప్పినా.
"తెలుసు" అన్నాడు, గింజ పక్కకు ఊంచి,
"మీకు తగ్గిన నెల నేనూ అట్లనే ఏడ్చినా."

ఇప్పుడు రాత్రి రెండున్నర.
తలుపు సందులో చీర కుక్కినా,
నొసటి మీద తడిగుడ్డ అప్పుడే కాగిపోయింది.
బయట ఎవరిదో మోటరు నీళ్ళు తోడుతోంది
నా తలలో నుంచి.
తడుముకొని ఒక్క రింగు ఇచ్చినా.

చానాసేపటికి
దిండు వణికింది.
ఎవరిదో చూడలే.
చూస్తే తెర వెలుగుతుంది.