వీపుల వైపు

పదకొండేళ్ళుగా ఈ మైదానంలో
నేనొక్క గోలూ చూడలేదు.
నా ఉద్యోగమే అది:
పసుపుపచ్చ జాకెట్టు తొడుక్కుని
ఆటకు వీపు పెట్టి
జనానికి ముఖం పెట్టి నిలబడటం.
గంటకిన్ని పౌండ్లు, ఒక కప్పు టీ,
వానొస్తే ఆ వాన.

ఆటంతా ముఖాల మీదే చదువుకున్నాను.
మేవిస్ థ్రెల్‌ఫాల్ పెదవి కొరికితే కార్నర్ కిక్.
పక్కన ఆల్విన్, మిల్లులో మూడు వేళ్ళు పోగొట్టుకున్నవాడు,
టోపీ తీసి మోకాలికేసి కొట్టాడంటే
మనవాడెవడో ఖాళీ గోలు ముందు
బంతిని ఆకాశానికి తన్నాడని.
గోలైతే ఇంక చెప్పాలా,
ముఖాలన్నీ ఒక్కసారిగా నోళ్ళైపోతాయి,
ఎవరి టీయో నా భుజం మీద ఒలుకుతుంది.

హాల్‌మియర్‌లో మిల్లు మూసేశారు.
రైలు ఆగడం మానేసింది.
మిగిలింది ఈ రేకుల కప్పు కింది శనివారం.
దాన్నీ కొనేశారు, ఎవరో ఇద్దరన్నదమ్ములు.
ముందు ప్రాక్టీసు మైదానం అమ్మారు,
తర్వాత గోల్‌కీపర్ని,
తర్వాత చొక్కా మీది కొంగబొమ్మ పీకేసి
ఏదో వంకర గీత కుట్టించారు.
ఇప్పుడు నేలే అమ్ముతారట.
ఆల్విన్ తమ్ముడి బూడిద ఆ నేలలో ఉంది,
ఉత్తరపు గోలు వెనకాల.
దానికెంత కట్టారో
కాగితంలో రాయలేదు.

అరిచారు. బ్యానర్లు కట్టారు. ఉత్తరాలు రాశారు.
గోడకు చెప్పుకోవడమే నయం,
ఆనుకోవడానికైనా ఉంటుంది.

ఈ శనివారం ముప్ఫైనాలుగో నిమిషంలో
(అప్పు ముప్ఫైనాలుగు మిలియన్లు)
ఎవరూ ఈల వేయలేదు.
మేవిస్ లేచింది.
రెండు మోకాళ్ళకూ ఆపరేషనైన మనిషి,
కర్ర ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చి
బరువైన బీరువా జరిపినట్టు, కొంచెం కొంచెంగా
వెనక్కి తిరిగింది.
తర్వాత ఆల్విన్. తర్వాత ఆ వరస.
తర్వాత ఆరువేల మంది.

వెన్ను చూపడమంటే పారిపోవడమనే
ఇన్నాళ్ళూ నేననుకున్నది.
వెన్ను చూపి
అడుగైనా కదలకపోవడం ఒకటుందని
తెలీదు.

నాకిప్పుడు ముఖాల్లేవు.
కోట్లు, బట్టతలల కింది మడతలు,
ఒక పిల్లాడి స్వెట్టర్‌లో ఊడొచ్చిన దారం.
బంతి ఎక్కడుందో తెలియలేదు.
ఎక్కడో బూటు తగిలిన చప్పుడు,
ఎవరో ఎవర్నో పేరు పెట్టి పిలవడం.
అరుపులు తీసేస్తే
ఎంత చిన్నదో ఆట!

తిరిగాను.
చెవిలో సూపర్‌వైజరు కరకరమన్నాడు.
అయినా తిరిగాను.

గడ్డి అంత పచ్చగా ఉంటుందని ఎవరూ చెప్పలేదు నాకు.
బేకరీ వాళ్ళ కుర్రాడు, కేడన్, పదిహేడేళ్ళుంటాయేమో,
ఒకణ్ణి తప్పించి, ఇంకొకడి మీద జారి,
పడబోతూ కొట్టాడు.
వల కడుపులా ఉబ్బింది.
వాడు చేతులు చాచి మా వైపే పరుగెత్తుకొచ్చి
ఆరువేల వీపుల ముందు
ఆగాడు.
చేతులు దించుకున్నాడు.
చప్పట్లు కొట్టొచ్చో కూడదో తెలీక
నేను తలూపాను.
వాడూ ఊపాడు.

మళ్ళీ ఇటు చూస్తే ఒక్కరూ తిరగలేదు.
ఆల్విన్ టోపీ మాత్రం
వెనక్కి కట్టుకున్న చేతుల్లో,
మిగిలిన వేళ్ళ మధ్య, నలిగి ముద్దైపోయింది.
"కొట్టారా నాన్నా?" అంది ఒక పిల్ల.
ఎవరూ చెప్పలేదు. వాళ్ళకీ తెలీదు కదా.

జాకెట్టు ఆ సాయంత్రమే తిరిగిచ్చాను.
ఇమ్మన్నారులెండి.
బస్‌స్టాప్ దగ్గర చుట్టూ మూగారు.
గెలుపా ఓటమా అని ఒక్కరూ అడగలేదు.
"ఏ కాలితో?" అంది మేవిస్.
"ఎడమ."
"ఎడమా!" అని కళ్ళు మూసుకుంది.
"ఏ గోల్లోకి?" ఆల్విన్.
"ఉత్తరం వైపు."
అతను కాసేపు టోపీ సరిచేసుకున్నాడు.
"మొదట్నుంచి చెప్పు. తొందరపడకు."

బస్సొచ్చింది, తలుపు తెరిచింది, మూసుకుంది,
వెళ్ళిపోయింది.
ముఖాలన్నీ నా వైపే ఉన్నాయి.