మెలిక

ఓడలు బండ్లవడం సంగతి తర్వాత,
ముందు ఈ ఓడ బండెక్కాలి.
బండి పొడవు పదమూడు అడుగులు. పడవ పదహారు.
పైగా ఒకటి కాదు, రెండు.

నాన్న తౌనో ముందు కొస పట్టాడు, అమ్మ ఐలి వెనక కొస.
"ఎత్తు" అన్నారొకరు, "ఆగు" అన్నారొకరు.
ఆ వేసవంతా వాళ్ళిద్దరి మధ్య
ఇంతకుమించి మాటల్లేవు.
బోర్లించిన ఆకుపచ్చ పడవలోంచి
నిరుటి పైన్ సూదులు, ఒక ఎండిన తూనీగ, ఒక డాలరు బిళ్ళ
నా నెత్తిన రాలాయి.
బిళ్ళ నాదంటే నాదని తమ్ముడు ఒన్ని.

అడ్డంగా రెండు పట్టీలు, ముందుకో తాడు, వెనక్కో తాడు,
తోక కొసన ఎర్రగుడ్డ. అది ఒన్ని పాత నిక్కరు.
నాన్న పడవ పట్టుకుని ఊపితే
బండి మొత్తం ఊగింది.
"ఇక కదల్దు" అన్నాడు,
గుర్రాన్ని చరిచినట్టు రూఫ్ మీద రెండు చరుపులు చరిచి.

ముందు సీటు మా హిల్మా ముమ్మోది. ఆమెకో ఉద్యోగం:
అద్దంలోంచి ముందు తాడు చూస్తూ ఉండడం.
వదులైతే చెప్పాలి.
కాగితం మిల్లు మూతపడ్డాక మా ఇంట్లో
ఉద్యోగమున్నది ఆమె ఒక్కదానికే.
చేతులు ఒళ్ళో పెట్టుకుని
పొయ్యి మీది పాలు కాసినట్టు కాసింది.

థండర్ బే దాటి పదిహేడో నంబరు రోడ్డెక్కేసరికి
పట్టీ పాడడం మొదలెట్టింది.
ఎనభైలో ఝుమ్మని, తొంభైలో గుయ్యిమని,
కలప లారీ ఎదురైతే పళ్ళు జివ్వుమనేలా.
నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నట్టు
పడవ ముక్కులు రెండూ అద్దం మీదికి వంగున్నాయి.
మాకు మిగిలింది సగం ఆకాశం.
ఎడమన స్ప్రూస్ చెట్లు, కుడిన ఉండుండి సుపీరియర్ సరస్సు.
అన్ని నీళ్ళ పక్కనే పోతూ
మా పడవల పొట్టలు ఎండలో.

ఎవరం మాట్లాడలేదు.
ఆ మోతలో మాట్లాడక్కర్లేదు కూడా.

"ఆపు" అంది ముమ్మో.
చూస్తే తాడు వదుల్లేదు.
అయినా దిగింది. ఒక చేత్తో గాలికి స్కర్టు పట్టుకుని
రెండో చేత్తో పట్టీ చూపించి విప్పమంది.
నాన్న అమ్మ వంక చూశాడు. ముడుల సంగతి
తనకి ఇంకొకరు చెప్పే వయసు కాదు.
విప్పాడు.
ముమ్మో పట్టీని ఒక్కసారి మెలితిప్పింది.
"చదునుగా ఉంటే గాలి వాయించేస్తుంది.
మెలికేస్తే దానికి చోటు దొరకదు. బిగించు."

మళ్ళీ రోడ్డు. తొంభై. వంద.
పట్టీ నోరు మూసుకుంది.
అప్పుడు వినబడింది
మేం మాట్లాడకపోవడం.
టైర్లు. ఒన్ని ముక్కు ఎగబీల్చడం.
డాష్‌బోర్డులో ఎక్కడో వదులైన మేకు.

చాలా దూరం పోయాక
"ఎంతిస్తానన్నాడు?" అంది అమ్మ.
"ఎనిమిది వందలు."
"మీ నాన్న చేత్తో చేసిన పడవ అది."
"తెలుసు."
"వెయ్యి అడుగు."
ముమ్మో తాడు మీంచి కళ్ళు తిప్పలేదు.
"మూడో పక్కటెముక దగ్గర అతుకుంది" అంది,
"అతను అడక్కముందే చెప్పు."

నిపిగాన్ బంకు దగ్గర కొనేవాడు పికప్‌తో నించున్నాడు.
అతుకు తడిమి చూశాడు. తొమ్మిదొందలు లెక్కపెట్టాడు.
మేం పొద్దున గంటసేపు పడ్డ పాటు
అతని కొడుకులు అర నిమిషంలో ముగించారు.
పట్టీ చదునుగా వేశారు.
నేను నోరు తెరవబోతే
ముమ్మో నా మోచెయ్యి పట్టుకుంది, గట్టిగా.

వంతెన మీద వేగం అందుకోగానే
ఆకుపచ్చ పడవ పాడడం మొదలెట్టింది.
అవతలి ఒడ్డు దాకా వినిపించింది,
లేదా వినిపిస్తోందనుకుని
అందరం అలాగే నించున్నాం,
ఎర్ర పడవని ఇంకా మధ్యకి జరపకుండా,
బండి ఒక పక్కకి ఒరిగి ఉండగా.