లేని రోజు

మార్చి ముప్పై ఒకటి సాయంత్రం
నేను ఆగిపోతాను.
ఏప్రిల్ రెండు పొద్దున్న
మళ్ళీ మొదలవుతాను.
మధ్యలో ఆ ఒక్క రోజు
మహారాణిపేట ఆఫీసు లెక్కల్లో
నూకరత్నం అనే మనిషి లేదు.

మొదటేడు ఏజెన్సీ కుర్రాడు చెప్పాడు:
"బ్రేకు ఇవ్వకపోతే సర్వీసు కలిసిపోద్దక్కా,
రేపు మీరు కోర్టుకెళ్తారు."
కలిసిపోకుండా ఏటా ఒక కత్తిగాటు.
ఇది పదమూడోది.

ఏజెన్సీ బిల్లులో నాకు పేరుండదు.
'మ్యాన్‌పవర్, ఒకటి' అని ఉంటుంది.
కుర్చీలూ టోనరూ కొనే పద్దులోంచే
నా జీతమూ వస్తుంది, వచ్చిన నెల.

ఆ రోజు పనుండదని కాదు.
కొత్త ఏడాది పద్దులు తెరవాలి,
సెక్షన్ నుంచి ఫోను:
"ఓసారి వచ్చి వెళ్ళమ్మా, ఎవరూ చూడర్లే."
గోపాలపట్నంలో బస్సెక్కి వస్తాను.
వేలిముద్రల మిషను ముందు నుంచి
వేలు కొంగులో దాచుకుని పోతాను.
రాత్రి పోర్టు నుంచి వచ్చిపడ్డ బొగ్గుపొడి
రెండు బల్లల మీదా తుడుస్తాను.
పాస్‌వర్డు ఎల్లాజీ గారిది,
వేళ్ళు నావి.

చెడ్డమనిషి కాదు ఎల్లాజీ గారు.
క్యారేజీలో కోనెం ముక్కలుంటే
ఒకటి మూతలో తీసి నావైపు జరుపుతారు.
జీతం మూడు నెలలు ఆగినప్పుడు
ఐదువేలు చేతిలో పెట్టి
"మా ఆవిడికి తెలీనివ్వకు" అన్నారు.
నా గురించి ఒకసారి పైకి నోటు కూడా పెట్టారు.
అది మూడు బల్లలెక్కి దిగొచ్చింది,
'చూశాను' అని.

ఈ జనవరిలో ఆయన పింఛను కాగితాలు నేనే కొట్టాను.
సర్వీసు రిజిస్టరు ఒళ్ళో పెట్టుకుంటే
చంటిపిల్లంత బరువు.
మెడకి ఎడంపక్క పుట్టుమచ్చ,
ఎత్తు, చదువు, ఐదు వేళ్ళ ముద్రలు,
ఏటేటా ఇంక్రిమెంటు,
ఒక సస్పెన్షను కూడా. అదీ ఎర్రసిరాతో, గౌరవంగా.
హుద్‌హుద్ పేజీ దగ్గర ఆగాను.
'తుపాను సమయంలో విశేష సేవలకు ప్రశంసాపత్రం.'
అద్దాలు పగిలిన ఆ హాల్లోంచి
తడిసిన ఫైళ్ళు డాబా మీదికి మోసి
కాగితానికో ఇటిక పెట్టి ఆరబెట్టింది
నేనూ, అటెండరు గంగులూ.
ఆ వాక్యం టైపు చేశాను,
తప్పుల్లేకుండా.

నా పుట్టుమచ్చ ఎక్కడుందో
ఏ ప్రభుత్వానికీ తెలీదు.

ఈ మార్చి ముప్పై ఒకటిన
ఇద్దరం ఒకేసారి ఆగిపోయాం.
ఆయనకి దండ, శాలువా, ఇంటిదాకా జీపు.
నాకు క్యాటరింగు పళ్ళేలు లెక్కపెట్టి అప్పజెప్పే పని.

మర్నాడు పిలిస్తే వెళ్ళాను.
తలుపు దగ్గర, అర్జీలోళ్ళు కూర్చునే బెంచీ మీద
ఎల్లాజీ గారు.
ఇస్త్రీ చొక్కా. జేబులో పెన్ను.
"కాళ్ళు ఇటే వచ్చేసినాయమ్మా."

సిస్టం తెరిచి ఆయన పేరు కొట్టాను.
తప్పు అంది.
లేచొచ్చి ఒక్కో అక్షరం చెప్పారు,
మనవరాలి పేరు, పుట్టిన సంవత్సరం.
తప్పు అంది.
మూడోసారికి తాళం వేసేసుకుంది.
"నిన్నటిదాకా నేనే కదా, ఇదేటిది?"
నేనేం చెప్తాను.

సూపరింటెండెంటు ఇటు చూశాడు, అటు చూశాడు,
ఎవర్ని పొమ్మనాలో తెలీక
టీ చెప్పాడు.
బెంచీ మీద పక్కపక్కన కూర్చుని తాగాం,
హాజరుపట్టీలో లేని ఇద్దరం.
చాలాసేపటికి గ్లాసులోకి చూస్తూ అడిగారు:
"ఏటా నీకు ఇలాగే ఉంటాదేటి రత్నం?"
ఇన్నేళ్ళలో మొదటిసారి.

ఇలాగే కాదు, అందామనుకున్నాను.
మీకు నెల తిరిగితే పింఛను వస్తుంది.
నాకు రేపు వస్తుంది,
రెన్యువల్ కాగితం మీద సంతకమైతే.
అనలేదు.
పెన్ను జేబులోనే కక్కి
ఆయన చొక్కా మీద నీలం మరక పాకుతోంది.
వేలితో చూపించాను.