మడిచిన వేలు

మా ఎస్టిల్ మాండలిన్ కొన్నది వేళ్ళతో.
చేతివేళ్ళు కాదు, జిన్సెంగ్ వేళ్ళు.
కెంటకీ కొండల్లో, ఎండ పడని ఉత్తరపు వాలులో
ఎర్రపళ్ళ గుత్తి కనిపించిన చోటల్లా మోకాళ్ళమీద కూలబడి
పాత స్క్రూడ్రైవర్‌తో తవ్వేవాళ్ళం.
వాడికి పదకొండు, నాకు తొమ్మిది.
పండు నలిపి, గింజ ఆ గుంటలోనే పాతాలి.
అమ్మమ్మ పెట్టిన షరతు:
తీసుకున్న చోట తిరిగి పెట్టనివాడు దొంగే.

అటకమీద ఎండాక
పిట్ట ఎముకలంత తేలికైపోయేవి.
కొట్టు ఫుగేట్ రాళ్ళ తక్కెడ మీద బొటనవేలు ఆనించేవాడు.
మేం చూసేవాళ్ళం. అనేవాళ్ళం కాదు.
రెండు శరత్కాలాలు పట్టింది.

మా చర్చిలో వాయిద్యం పాపం.
పెద్దాయన ఒక పాదం గబగబా చదువుతాడు,
అందరూ దాన్ని పట్టుకుని
బండలాగినట్టు కొండమీదికి లాగుతారు.
ఆ లాగుడే కావాలి మావాడికి, పొగాకు కొట్టంలో, చీకట్లో.
మాండలిన్ ఏమో సాగదు.
మీటిన స్వరం మీటినచోటే చచ్చిపోతుంది.
అందుకే అంత వేగం వాడికి.
ఒకటి పోయేలోపు ఇంకోటి పుట్టించాలి.

పదహారో ఏట
రంపం మిల్లు వాడి ఎడమ చిటికెన వేలు తీసుకుంది.
తీసుకున్న చోట ఏమీ పెట్టలేదు.
కంపెనీ ఇరవై రెండు డాలర్లిచ్చింది.
తీగలు కొన్నాడు, మిగిలినదాంతో టోపీ.

తరవాత అంతా రోడ్డే.
తెల్లారి ఐదింటికి రేడియోలో
కోడిపిల్లల దాణా గురించి రెండు మాటలు, ఒక పాట.
సాయంత్రం ఏ బడి హాల్లోనో,
గేటు డబ్బులో సగం హెడ్‌మాస్టరుకి.
బాస్ వాయించే టోలివర్ పెళ్ళి చేసుకుని దిగిపోతే
నన్ను నిలబెట్టారు.
కారు పైన బాస్, లోపల ఐదుగురం, కాళ్ళెవరివో తెలిసేది కాదు.
డ్రైవ్-ఇన్ సినిమాల దగ్గర
పాప్‌కార్న్ గది కప్పెక్కి వాయించేవాళ్ళం.
చప్పట్లుండవు. హారన్లు.
వాన పడితే హారన్లు, వైపర్లు.

మొదటి రికార్డు మీద పేరు తప్పు పడింది.
ఎస్టిల్ బ్రషేర్ కాస్తా ఎస్టెల్ అయ్యాడు.
ఏడాది పొడుగునా ఉత్తరాలు, "మిస్ బ్రషేర్‌కి" అని.
ఒకాయన పెళ్ళికి సిద్ధమన్నాడు.
మావాడు మర్యాదగా జవాబు రాశాడు, కాదని.

నాలుగో వేలు లేక
పాట మధ్యలో వాడొక మెలిక తిరిగేవాడు,
వంతెన కొట్టుకుపోతే వాగు చుట్టూ నడిచినట్టు.
ఆ మెలికకే పేరొచ్చింది.

నిరుడు వర్జీనియాలో, ఒక మేళాలో,
ట్రక్కు వెనక పన్నెండేళ్ళ కుర్రాడు వాయిస్తున్నాడు.
అదే మెలిక. అచ్చం.
చూస్తే, చిటికెన వేలు అరచేతిలోకి మడిచి, గట్టిగా నొక్కిపట్టి.
ఎస్టిల్ వాడి పక్కన కూచున్నాడు.
మాటల్లేకుండా ఆ వేలు విప్పి
తీగమీద ఆనించాడు.
మీటమన్నాడు.

పలికింది.
అన్నేళ్ళూ మేం చుట్టూ తిరిగి వెళ్ళిన స్వరం.
ఎస్టిల్ టోపీ తీసి, చూసి, మళ్ళీ పెట్టుకున్నాడు.

కుర్రాడు మర్యాదకి ఇంకోసారి మీటి
వేలు మళ్ళీ మడిచేశాడు.
అలాగే బావుందట.