రెండు సెకన్లు

బొత్తాం నొక్కితే
ఆరు ఫ్యాన్లూ ఒక్కసారి ఊపిరి పీలుస్తాయి.
రెండు సెకన్లు.
తర్వాత ఏమీ లేదు.
ముందు పలకమీద పసుపు దీపం మాత్రం
తెలిసీ చెప్పనివాడి కన్నులా
కొట్టుకుంటూ, కొట్టుకుంటూ.

పాయ్‌సాందూ ఊరి చివర
పాల సహకార సంఘం వెనక గది.
జూలై చలి. తలుపు కింది సందులోంచి నది గాలి.
పద్నాలుగేళ్ల సర్వరు ఇది.
అట్టపెట్టె విప్పినప్పుడు నా జుట్టు ఇంకా నలుపే.
దీని కడుపులో మూడువేల ఆవుల లెక్క:
చెవి బిళ్ల నంబరు, పూటకెన్ని లీటర్లు, వెన్న శాతం,
ఏది ఎప్పుడీనింది, ఏది ఒట్టిపోయింది.
రేపు పదిహేను. రైతులకు డబ్బు పడాలి.

"పవర్ సప్లై పోయింది" అన్నాడు యమందు.
పని నేర్చుకుంటున్న కుర్రాడు,
ఇరవై ఏళ్లు, ఒక్కటే అనుమానం.
రెండున్నాయి కదా, ఎడమది పీకాం.
రెండు సెకన్లు.
ఎడమది పెట్టి కుడిది పీకాం.
రెండు సెకన్లు.
ఇద్దరు సాక్షులూ అక్షరం తేడా లేకుండా ఒకే మాట చెబితే
నేరం ఇంకెక్కడో ఉంది.

గోడ ప్లగ్గులో మీటరు పుల్లలు గుచ్చాను:
రెండొందల ఇరవై ఎనిమిది. నిక్షేపంలా ఉంది.
తీగ మార్చాం. యూపీయస్‌ని దాటించాం.
మూత తీస్తే లోపల దుమ్ము,
జల్లెడ పట్టినంత మెత్తన, పాలపొడి వాసన.
ఎనిమిది మెమరీ ముక్కల్లో ఏడు తీసి వరసగా
పాత దినపత్రిక మీద పేర్చాడు యమందు.
రెండో ప్రాసెసరూ, డిస్కులూ, అదనపు కార్డులూ,
నాణెమంత బ్యాటరీ కూడా.
కెపాసిటర్లను వేలితో తడిమాను, ఒక్కటీ ఉబ్బలేదు.
ఒక్కొక్క నగా ఒలిచేసినా
అదే మొండితనం:
రెండు సెకన్లు.

రాత్రి కావలి దార్దో
చంకలో ఫ్లాస్కు, చేతిలో మాతే బుర్ర.
నా వంతు వచ్చినప్పుడల్లా అందిస్తాడు,
ఏమైందని అడగడు.
ఏదైనా అడిగే మనిషే, మామూలుగా.

ఒంటిగంటకు మిగిలింది పట్టీ తీగ ఒక్కటే.
ముందు పలకనుంచి వచ్చేది. దాన్నెవరు అనుమానిస్తారు?
ఒక బొత్తాం, ఒక దీపం, రెండు యూఎస్‌బీ రంధ్రాలు.
పీకేశాను.
బోర్డుమీద రెండు పిన్నులను
స్క్రూడ్రైవరు మొనతో ఒక్కసారి కలిపాను.

రెండు.
మూడు.
నాలుగు.
ఫ్యాన్లు గోలపెట్టి, గోలపెట్టి, సర్దుకున్నాయి.
యమందు పత్రికమీద అలాగే చతికిలపడిపోయాడు.

టార్చి వేసి రంధ్రంలోకి చూశాను.
నల్ల నాలుక విరిగి ఉంది,
దాని రేకులు ఒకదానిమీదొకటి పడుకున్నాయి.
కొండను తవ్వితే ఎలుక అంటారు.
మాకు దొరికింది ఎలుక మీసం.

"ఇందులో ఎవరు ఏం గుచ్చారు?"
అనేశాక తెలిసింది, అననక్కర్లేదని.
చలికాలం రాత్రుళ్లు ఈ సంఘంలో
వెచ్చగా ఉండే గది ఇదొక్కటే.
దార్దో ఫ్లాస్కు మూత బిగిస్తున్నాడు,
బిగిసిన మూతనే.
కోటు జేబులోంచి వేలాడుతోంది ఛార్జింగు తీగ,
కొన వంకరగా.

పనుల పుస్తకంలో రాశాను:
ముందు పలక అరిగిపోయింది, తొలగించాం.
యమందు చదివాడు.
పెన్ను మూత వెతికి ఇచ్చాడు.

మెమరీ, డిస్కులు, అన్నీ తిరిగి పెట్టేసరికి నాలుగు.
ఇక దీనికి బొత్తాం లేదు.
ర్యాకు కొక్కేనికి దారం కట్టి
స్క్రూడ్రైవరు వేలాడదీశాను.
కరెంటు పోయి వస్తే ఎవరో ఒకరు
చీకట్లో వచ్చి దీన్ని లేపాలి.
"దార్దో, ఇలా రా."
"నేనా, దోన్యా నెలీదా?"
"ఈ గదిలో రాత్రుళ్లుండేది ఇంకెవరు?"

ఆపేశాను, అతనికోసం.
టార్చి పట్టుకుని పిన్నులు చూపించాను.
ఇది, ఇది. పక్కది ముట్టుకోకు.
మొదటిసారి చెయ్యి వణికి జారింది.
రెండోసారి తాకింది.

ఉనో, దోస్, అంటూ పైకే లెక్కపెట్టాడు.
రెండు దాటింది.
లోపల ఆవులు ఒక్కొక్కటే లేస్తున్నాయి కాబోలు,
దార్దో మాత్రం ఇంకా
లెక్కపెడుతూనే ఉన్నాడు.