ముప్ఫై ఆరో నంబరు పన్ను

పుంతా అరేనాస్‌లో గాలి ముదిరే రోజుల్లో
వీధి మూలల్లో తాళ్ళు కడతారు,
మనుషులు కొట్టుకుపోకుండా పట్టుకోవడానికి.
ఆ తాడు పట్టుకునే వచ్చాడు ఎలెయుతేరియో మన్సియా,
గొర్రెల ఉన్ని కత్తిరించి బతికినవాడు.
ఒక చేతికి టోపీ, ఒక చేతికి తాడు,
దవడకి చెయ్యి మిగల్లేదు.

నొప్పేం లేదన్నాడు.
చిగుళ్ళలో కాస్త నెత్తురు, అంతే.
డాక్టర్ ఒయార్సున్ నవ్వాడు.
"నొప్పి లేకపోవడమే ప్రమాదం, తాతా."

ఆ మాట పదకొండేళ్ళుగా వింటోంది యస్నా,
ఉమ్ము లాగే గొట్టం పట్టుకుని
కుర్చీకి ఎడంపక్క నిలబడి.
ఆ మాట తర్వాత తెరుచుకునేది రెండో సొరుగు.
మైనం పెట్టె కింద
బొటనవేలంత ఎక్స్‌రే ఫిల్ము.
దీపం పలక మీద పెడితే
తెల్లటి పన్ను నడుమ నల్లటి మచ్చ,
బియ్యంలో పురుగులా.

దాన్ని చూసి హడలిపోయినవాళ్ళ లెక్క
క్యాలెండరు వెనక రాసుకుంటుంది:
పీతల పడవ వంటవాడు,
నెలలు నిండిన బేకరీ పిల్ల,
గోళీలాట ఆపి వచ్చిన తొమ్మిదేళ్ళ కుర్రాడు.
నూట పద్నాలుగు నోళ్ళు.
పన్ను ఒకటే.

మంచి పన్ను తవ్వితే
కాలిన కొమ్ము వాసన.
అది జుట్టులోంచి పోదు.
ఇంటికెళ్ళి ఊరికే ఉల్లిపాయలు వేయిస్తుంది.

"ఏదీ, ఇటివ్వండి" అన్నాడు మన్సియా.
కళ్ళజోడు నుదుటి మీదకి నెట్టి
ఫిల్మును కిటికీ వైపు తిప్పాడు.
"నలభై ఏళ్ళు గొర్రెల మూతులు విప్పి
పళ్ళు చూసి వయసు చెప్పినవాణ్ణి, డాక్టర్.
ఇది ముసలి నోరు కాదు.
ఇంకా అరగలేదు.
ఇరవై. మహా అయితే ఇరవై రెండు."

గొట్టం ఒట్టి గాలి పీలుస్తోంది.
ఎవరూ పల్లెత్తు మాట అనలేదు.

యస్నాకి అప్పుడు ఇరవై ఒకటి.
పనిలో చేరిన మూడో రోజు
కుర్చీలో కూర్చోబెట్టాడు డాక్టర్.
నిజంగానే పుచ్చింది. నిజంగానే ఉచితం.
అంత ఓపిగ్గా ఆయన చెయ్యి ఆడడం
ఆమె మళ్ళీ చూడలేదు.
ఫిల్ము మాత్రం ఇవ్వలేదు.

"దీపం మోసం చేస్తుంది తాతా" అని
డాక్టర్ మత్తు సూది ఎత్తాడు.
ముసలాయన తెల్లకోటు చూశాడు,
గోడ మీది పట్టా చూశాడు,
తన చేతులు చూసుకున్నాడు.
గొర్రె మూతి విప్పాలంటే మోకాళ్ళ మధ్య బిగించాలి.
ఈయన తనంతట తనే
నోరు తెరిచాడు.

కాలిన కొమ్ము.

బిల్లు ఆమే రాసింది.
పన్నుకింత అని పన్ను వసూలు చేసే ఆ రాజ్యంలో
ఖజానా తాళం ఆమె నడుముకే ఉంది.
క్రిస్మస్‌కి ఒక కేకు డబ్బా కూడా.
తింది. ఏటా తింది,
ఎడం దవడతో,
బాగుచేసిన పంటితోనే.

ముసలాయన టోపీ మర్చిపోయాడు.
తాడు దగ్గర పరిగెత్తి అందుకుంది.
"ఆ పన్ను నాది" అంది.
గాలి లాక్కుపోయింది.
మళ్ళీ అంది, అరిచినట్టుగా.

మొద్దుబారిన పెదవి ఆయనకి లొంగలేదు.
ఏదో అనబోతే ఉమ్ము కారింది.
అలవాటుగా ఆమె చెయ్యి గొట్టం కోసం వెతికింది.
ఆయన తాడు వదిలి
ఆమె గడ్డం పట్టుకుని
బొటనవేలితో కింది పెదవి దించి చూశాడు,
మందలో ఒకదాన్ని చూసినట్టే,
అంతే జాగ్రత్తగా.
మూడు వేళ్ళు చూపించాడు. తర్వాత రెండు.
లెక్క సరిపోయింది.
గాలికి వంగి వెళ్ళిపోయాడు.
క్షమించాడో లేదో
ఆ వెనకనుంచి ఎలా తెలుస్తుంది?

లోపల డాక్టర్
రెండో సొరుగు మూడోసారి లాగుతున్నాడు.
బయట బల్ల మీద నూట పదహారో మనిషి
పాత పత్రిక తిరగేస్తోంది.
యస్నా చేతులు కడుక్కుంది.
ఏప్రన్ జేబులో
బొటనవేలంత చీకటి.

"ఏం వెతుకుతున్నారు, డాక్టర్?" అంది,
నోరు పూర్తిగా తెరిచి.