గాలి డబ్బా

హఫీజ్‌పేట స్టేషన్ వెనక మా షెడ్డు.
మూడో లిఫ్టు మీద ఎర్ర బండి.
కంపెనీ సీలున్న అట్టపెట్టె కోస్తే
కొత్త రబ్బరు వాసన,
నా గుప్పిటకు పట్టనంత గొట్టం,
మడతల మడతల ఫిల్టరు, నాలుగు క్లిప్పులు, ఒక హోలోగ్రాం,
సంతకం పెట్టాల్సిన కాగితం:
వారంటీకి ఏ భంగమూ ఉండదు.

డాక్టర్ హైమవతి ఆ వాక్యం రెండుసార్లు చదివింది.
"మేం ఇట్లా ఎవ్వరికీ రాసివ్వం" అన్నది.

ముప్పై ఏండ్లుగా ఆమె పని
మనుషులను నిద్రపుచ్చడం,
మళ్లీ లేపడం.
పొద్దున రెండు ఆపరేషన్లు ముగించుకొని వచ్చింది,
ముక్కు మీద మాస్కు గీత ఇంకా మాయలేదు.
పైన ఏసీ గది ఉంది, కాఫీ మిషనుంది అంటే
"ఇక్కడే చూస్తా" అని స్టూలు లాక్కుంది.

ఈ బండి కొన్నప్పుడు ఆమెకు యాభై ఆరు.
"బాబు కోసమా మేడం?" అన్నాడట షోరూం పిల్లగాడు.
వాడికి అప్పుడేం చెప్పలేదు.
ఏటా కొంచెం కొంచెం చెబుతున్నది:
మొదటి ఏడు టైర్లు,
పోయినేడు బ్రేకులు,
ఈ ఏడు గాలి.

పాత డబ్బా విప్పుతుంటే ఒక స్క్రూ మొండికేసింది.
ముజీబ్ దాన్ని ఉర్దూలో బుజ్జగించాడు,
నేను తెలుగులో తిట్టాను,
ఎవరి మాట విన్నదో, వదులైంది.

ఫిల్టరు నిండా ఈ ఊరే:
మెట్రో పిల్లర్ల సిమెంటు,
కోకాపేటలో పగిలిన గుట్ట,
నిమజ్జనం నాటి గులాల్.
మడతల నడుమ
చిరగని తూనీగ రెక్క ఒకటి.
ఆమె పట్టకారు అడిగింది.
నా దగ్గరున్నది ముక్కు ప్లయరే, ఇచ్చాను.
చెయ్యి వణకలేదు.
రెక్కను బిల్లు కవర్లో దాచుకుంది.

కొత్త డబ్బా టక్కున కూర్చుంది.
ఇక లోపలి సంగతి.
బ్యాటరీకి చార్జర్ తగిలించి,
స్టీరింగు కింద లాప్‌టాప్ తీగ గుచ్చి
"పన్నెండు నిమిషాలు
తలుపు తీయొద్దు, తాళం ముట్టొద్దు" అన్నాను.
"మధ్యలో తెగిపోతే?"
"ఇటుక మేడం. కోటి రూపాయల ఇటుక."

డ్యాష్‌బోర్డు దీపాలన్నీ ఒక్కసారే వెలిగాయి.
ఫ్యాన్లు మొత్తుకున్నాయి.
ఎంత గాలికి ఎంత పెట్రోలో,
ఏ క్షణాన నిప్పో,
పుట్టినప్పటి నుంచి తెలిసిందంతా తుడుచుకుపోతున్నది.
నలభై ఒకటి శాతం.
నలభై ఒకటి.
పైనుంచి రైలు పోయినట్టు రేకులు వణికాయి.
ముజీబ్ పెదాలు కదులుతున్నాయి.
ఆమె స్టూలు మీంచి లేచి
బండి తల దగ్గరికి వచ్చి నిలబడ్డది,
ఎప్పుడూ నిలబడే చోటు అదే కాబోలు.
"ఆగుతుంది" అన్నది, నాతో కాదు,
"ఒక్కోసారి ఆగుతుంది.
చేతులు కట్టుకోవడమే పని."
నలభై రెండు.

బటన్ నొక్కితే ముందు దగ్గింది,
ఆ తర్వాత పీల్చింది.
సైలెన్సరు చప్పుడుకు వీధి పిల్లలు ఉరికొచ్చారు.
ఆమె మాత్రం బానెట్ మీదికి వంగి
లోపలికి పోయే చప్పుడు విన్నది,
కళ్లు మూసుకొని, చాలాసేపు.

ఇరవై మూడు గుర్రాలు పెరిగినయి, కాగితం ప్రకారం.
ఔటర్ మీద కొల్లూరు దాటాక
ఒక్కసారి, నిజంగా ఒక్కసారే, నొక్కింది.
నా వీపు సీటుకు అతుక్కుపోయింది,
కడుపు మాత్రం టోల్‌గేటు దగ్గరే ఉండిపోయింది.
నూట ఇరవై బోర్డు దగ్గర కాలు తీసి
నా మణికట్టు వైపు చూసింది,
నాడి పడదామనుకున్నదేమో.

తిరుగు దారిలో కొత్తగూడ సిగ్నల్.
గుర్రాలన్నీ కారుతున్న నీళ్ల ట్యాంకరు వెనక
పావుగంట నిలబడ్డాయి.
పక్క ఆటో డ్రైవర్ చెవి రిక్కించి
"ఏం పెట్టిచ్చిన్రు మేడం?"
"గాలి" అన్నది.
వాడు తల పంకించి బీడీ ఆర్పేశాడు.

పాత డబ్బా కోసం ఆమె మళ్లీ అడగలేదు.
మూడో లిఫ్టు కింద ఉంది,
ముజీబ్ అందులో పానాలు వేస్తున్నాడు.
పదో నంబరుది మాత్రం
అందులోనూ దొరకదు.